బ్లోయర్ డ్రైవ్ ట్రిప్ అయిందా? రీసెట్ నొక్కే ముందు ఇవి చూడండి

చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లకి జూన్, జూలై నెలలంటే ఏమిటో చెప్పక్కర్లేదు. గేటు బయట తోతాపురి కాయల ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. బాయిలర్ ఆగితే ఆవిరి లేదు, ఆవిరి లేకపోతే గుజ్జు లైను నిలిచిపోతుంది, లైను నిలిస్తే బయట ఎండలో కాయ మెత్తబడిపోతుంది. ఆ కాయ ఎవరో ఒక రైతు ఏడాది కష్టం. అందుకే ఐడీ ఫ్యాన్ (బాయిలర్ పొగని చిమ్నీ వైపు లాగే బ్లోయర్) డ్రైవ్ మీద, అంటే దాని మోటార్ వేగాన్ని మార్చే ఎలక్ట్రానిక్ పెట్టె మీద, ఎర్ర లైటు వెలగ్గానే అందరి చెయ్యీ రీసెట్ బటన్ మీదికే పోతుంది. నొక్కుతారు, మళ్లీ ట్రిప్, అంటే డ్రైవ్ తనని తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. ఇంకోసారి నొక్కుతారు, ఇంకోసారి ట్రిప్. నాలుగోసారికో ఐదోసారికో లోపల ఐజీబీటీ, అంటే మోటార్‌కి కరెంటు ఇచ్చే ఎలక్ట్రానిక్ స్విచ్, పేలుతుంది. గంటలో తీరాల్సిన పని వారం పని అవుతుంది.

పన్నెండు సీజన్లుగా ఈ డ్రైవ్‌ల దగ్గరే ఉన్నాను. నాకు తెలిసిన పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. డ్రైవ్ ఏ కోడ్ చూపించిందన్నది ముఖ్యమే, కానీ ఏ క్షణంలో చూపించిందన్నది అంతకంటే ముఖ్యం. పవర్ ఇవ్వగానే వచ్చిన ట్రిప్‌కీ, స్టార్ట్ కొట్టగానే వచ్చినదానికీ, వేగం అందుకుంటుండగా వచ్చినదానికీ, ఆపేటప్పుడు వచ్చినదానికీ కారణాలు వేరు. కోడ్ ఒకటే అయినా సరే. కాబట్టి ఈ వరుసలోనే చెప్తాను.

ముందు రాసుకోండి

రీసెట్ నొక్కకముందే ఫోన్ తీసి డిస్‌ప్లేని ఫొటో తీయండి. తర్వాత ఫాల్ట్ హిస్టరీలోకి వెళ్లండి. ఇప్పటి డ్రైవ్‌లలో చాలావాటికి ట్రిప్ అయిన క్షణంలో ఫ్రీక్వెన్సీ ఎంత, కరెంటు ఎంత, డీసీ బస్ (ఏసీని మార్చి డ్రైవ్ లోపల నిలిపే డీసీ) వోల్టేజీ ఎంత అన్నవి గుర్తుంటాయి. ఈ మూడు అంకెలు ఉంటే సగం పని అయిపోయినట్టే. అయితే హిస్టరీలో చోటు కొన్ని ట్రిప్‌లకే ఉంటుంది. పదేపదే రీసెట్ చేస్తే కొత్తవి వచ్చి మొదటిదాన్ని తోసేస్తాయి, మనకి కావాల్సింది ఆ మొదటిదే.

తర్వాత ఆపరేటర్‌ని అడగండి. కోప్పడకుండా అడగండి, లేకపోతే నిజం చెప్పడు.

"ఎప్పుడు ఆగిపోయింది నాయనా?"

"స్టార్ట్ చేస్తానే కొట్టేసింది సార్. నిన్న రాత్రి వాన పడినప్పటి నుంచీ ఇట్లనే ఉంది."

ఈ ఒక్క మాటలో వాన ఉంది, స్టార్ట్ ఉంది. మీటర్ చేతిలోకి తీసుకోకముందే మోటార్ టెర్మినల్ బాక్స్ వైపు మీ కాళ్లు నడుస్తాయి. ట్రిప్‌కి ముందు కరెంటు పోయి వచ్చిందా, ఎవరైనా డ్యాంపర్ (గాలి దారిని మూసే రేకు తలుపు) కదిలించారా, బెల్టులు మార్చారా, మోటార్ వైండింగ్ షాపు నుంచి కొత్తగా వచ్చిందా, ఇవి కూడా అడిగి రాసుకోండి.

తలుపు తెరిచే ముందు

ఇక్కడ తొందరపడవద్దు. ఐసొలేటర్ (మెయిన్ స్విచ్) ఆఫ్ చేసి తాళం వేసి, తాళంచెవి మీ జేబులోనే పెట్టుకోండి. బోర్డు తగిలించి వదిలేస్తే చాలదు. సీజన్లో రాత్రి షిఫ్టు మారేటప్పుడు ఎవరో ఒకరు ఆన్ చేస్తారు.

ఐసొలేటర్ ఆపినంత మాత్రాన డ్రైవ్ చచ్చినట్టు కాదు. లోపల కెపాసిటర్లలో 560 వోల్టులకు పైగా డీసీ నిలిచి ఉంటుంది. 415 వోల్టుల సప్లైని 1.35తో గుణిస్తే వచ్చే అంకె అది. లోడ్ లేనప్పుడు 585 దాకా కూడా ఉంటుంది. డ్రైవ్ మీద రాసి ఉన్నంతసేపు ఆగండి, చిన్నవాటికి 5 నిమిషాలు, పెద్దవాటికి 10 నుంచి 15 నిమిషాలు. ఆ తర్వాత కూడా మీటర్‌తో డీసీ ప్లస్, డీసీ మైనస్ మధ్య కొలిచి, 50 వోల్టుల లోపు ఉందని చూశాకే చెయ్యి పెట్టండి. డిస్‌ప్లే ఆరిపోయిందని నమ్మవద్దు, లోపలి ఛార్జ్ లైటు ఆరిపోయిందనీ నమ్మవద్దు. కొలిచే మీటర్ పనిచేస్తోందో లేదో ముందూ తర్వాతా తెలిసిన సప్లై మీద పెట్టి చూసుకోండి. దాని మీద క్యాట్ 3, 1000 వోల్టులు అని రాసి ఉండాలి.

ఇంకో రెండు సంగతులు. కొన్ని మోటార్లలో తేమ పట్టకుండా స్పేస్ హీటర్ ఉంటుంది, దానికి 230 వోల్టులు వేరే సర్క్యూట్ నుంచి వస్తాయి. మెయిన్ ఆపినా టెర్మినల్ బాక్స్‌లో అది బతికే ఉంటుంది. రెండోది, కరెంటు వచ్చాక తనంతట తానే స్టార్ట్ అయ్యేలా డ్రైవ్‌లో ఆటో రీస్టార్ట్ పెట్టి ఉండొచ్చు. పని మొదలుపెట్టే ముందు ఆ సెట్టింగ్ చూడండి. ఫ్యాన్ దగ్గర పనైతే డ్యాంపర్ మూసి, ఇంపెల్లర్ (రెక్కల చక్రం) తిరగకుండా కట్టేయండి. చిమ్నీ లాగే గాలికే పెద్ద ఫ్యాన్ తిరుగుతూ ఉంటుంది.

మీ బ్లోయర్ ఏ రకం?

దీన్ని పట్టించుకోక తప్పు చేసేవాళ్లని చాలామందిని చూశాను. బాయిలర్‌లోకి గాలి తోసే ఎఫ్‌డీ, పొగ లాగే ఐడీ ఫ్యాన్లు సెంట్రిఫ్యూగల్ రకం, అంటే రెక్కల చక్రం తిరిగి గాలిని బయటికి విసిరేవి. వాటికి డ్యాంపర్ మూస్తే లోడ్ తగ్గుతుంది, కాబట్టి మూసి స్టార్ట్ చేయడం మంచిది. వేగం తగ్గితే పవర్ ఘనంలో తగ్గుతుంది. 50 హెర్ట్జ్ నుంచి 40కి దించితే పవర్ దాదాపు సగానికి వస్తుంది. అదే 55కి పెంచితే మూడో వంతు పెరుగుతుంది.

మురుగునీటి ట్యాంకులో గాలి కొట్టే ట్విన్ లోబ్ బ్లోయర్, అంటే రూట్స్ రకం, దీనికి పూర్తిగా ఎదురు. డిశ్చార్జ్ వాల్వ్ మూసి స్టార్ట్ చేస్తే గాలికి దారి ఉండదు, ప్రెషర్ ఎగబాకుతుంది, కరెంటూ ఎగబాకుతుంది. సేఫ్టీ వాల్వ్ తెరుచుకోకపోతే రోటర్లే దెబ్బతింటాయి. దీనికి వేగం ఎంత తగ్గిస్తే పవర్ అంతే తగ్గుతుంది, ఘనంలో కాదు. డ్రైవ్‌లో ఫ్యాన్, పంపు లోడ్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది. అది సెంట్రిఫ్యూగల్‌కే. ట్విన్ లోబ్‌కి కాన్‌స్టంట్ టార్క్ పెట్టాలి. డ్రైవ్ సైజు కూడా ఆ లెక్కనే ఎంచుకోవాలి.

పవర్ ఇవ్వగానే ట్రిప్ అయితే

బ్లోయర్ ఇంకా తిరగనే లేదు. కాబట్టి మోటార్ వైపు చూడాల్సిన పని లేదు. తప్పు సప్లైలో ఉంది, లేదా డ్రైవ్ ముందు భాగంలో ఉంది.

బ్రేకర్ ఆన్ చేయగానే ఢామ్మని పడిపోతే, లేదా ఫ్యూజు పోతే, రెక్టిఫయర్ (ఏసీని డీసీగా మార్చే భాగం) షార్ట్ అయి ఉండొచ్చు. మళ్లీ ఆన్ చేయవద్దు. డీసీ బస్ ఖాళీ అయ్యాక ఇన్‌పుట్ వైర్లు, అవుట్‌పుట్ వైర్లు విప్పేసి మీటర్‌ని డయోడ్ మోడ్‌లో పెట్టండి. నల్ల ప్రోబ్ డీసీ ప్లస్ మీద ఉంచి, ఎర్ర ప్రోబ్‌ని ఇన్‌పుట్ టెర్మినల్స్ ఆర్, ఎస్, టీ మీద ఒక్కొక్కటిగా పెట్టండి. 0.3 నుంచి 0.6 మధ్య చూపించాలి, మూడూ దాదాపు ఒకేలా ఉండాలి. ప్రోబ్‌లు తిప్పితే ఓపెన్ చూపించాలి. తర్వాత ఎర్ర ప్రోబ్ డీసీ మైనస్ మీద, నల్లది ఆర్, ఎస్, టీ మీద పెట్టి ఇలాగే చూడండి. అవుట్‌పుట్ యూ, వీ, డబ్ల్యూల మీద కూడా ఇదే పరీక్ష చేస్తే ఐజీబీటీల సంగతి తెలుస్తుంది. ఎక్కడైనా సున్నా చూపించి బీప్ వస్తే అక్కడ షార్ట్. పెద్ద డ్రైవ్‌లలో కొన్నిటికి ఇన్‌పుట్‌లో డయోడ్లకి బదులు సగం థైరిస్టర్లు ఉంటాయి. వాటిలో ప్లస్ వైపు మూడు ఫేజులూ రెండు దిక్కులా ఓపెన్ చూపిస్తాయి. మూడూ ఒకేలా ఓపెన్ ఉంటే పోయిందని తీర్మానించకండి.

అండర్ వోల్టేజీ అనో, ఇన్‌పుట్ ఫేజ్ లాస్ అనో వస్తే ఫేజుల మధ్య వోల్టేజీలు, ఆర్‌వై, వైబి, బీఆర్ మూడూ కొలవండి. కొలవడం డ్రైవ్ టెర్మినల్ దగ్గరే. బోర్డు దగ్గర బాగుండి, ఇక్కడ ఒకటి తక్కువుంటే మధ్యలో ఫ్యూజు, కాంటాక్టర్ కాంటాక్టు, వదులు లగ్గు (వైరు కొనకి బిగించే రేకు ముక్క), వీటిలో ఏదో ఒకటి. మూడు వోల్టేజీల్లో కొద్దిపాటి తేడా ఉన్నా రెక్టిఫయర్ తీసుకునే కరెంటులో ఆ తేడా ఎన్నో రెట్లు పెరుగుతుంది. మాకు ఒకసారి మీటర్‌లో అన్నీ బాగున్నట్టే ఉండి, లోడ్ పడగానే ఒక ఫేజు పడిపోయేది. కాంటాక్టర్ విప్పితే ఒక కాంటాక్టు నల్లగా కాలిపోయి ఉంది.

డిస్‌ప్లేనే వెలగకపోతే డ్రైవ్ చచ్చిపోయిందని అనుకోవడానికి ముందు కంట్రోల్ టెర్మినల్స్ మీది వైర్లన్నీ విప్పి, మళ్లీ పవర్ ఇచ్చి చూడండి. బయట ప్రెషర్ ట్రాన్స్‌మిటర్ వైరు షార్ట్ అయితే లోపలి 24 వోల్టుల సప్లై కుంగిపోయి డిస్‌ప్లే ఆరిపోతుంది. వైర్లు విప్పగానే వెలిగితే డ్రైవ్ బాగున్నట్టే. విప్పే ముందు ఫొటో తీసి, వైర్లకి నంబర్లు వేసుకోవడం మరవకండి.

స్టార్ట్ కొట్టగానే ట్రిప్ అయితే

ఎక్కువ పని ఉండేది ఇక్కడే. డ్రైవ్, కేబుల్, మోటార్, బ్లోయర్, నాలుగూ అనుమానితులే. వాటిని ఒక్కొక్కటిగా విడదీయాలి.

మొదట డ్రైవ్ దగ్గర యూ, వీ, డబ్ల్యూ కేబుల్ విప్పేయండి. డ్రైవ్‌ని వీ బై ఎఫ్ మోడ్‌లో (ఫ్రీక్వెన్సీతో పాటు వోల్టేజీని పెంచే సాదా పద్ధతి) పెట్టి, మోటార్ లేకుండా స్టార్ట్ చేయండి. అవుట్‌పుట్ ఫేజ్ లాస్ అని వస్తే అది సహజం, ఆ రక్షణని ఈ పరీక్ష వరకూ ఆపుకోండి. మోటార్ లేకుండా కూడా ఓవర్ కరెంటో, ఎర్త్ ఫాల్టో వస్తే తప్పు డ్రైవ్‌లోనే. ఐజీబీటీ గానీ, కరెంటు సెన్సర్ గానీ అయి ఉంటుంది. 50 హెర్ట్జ్ దాకా ప్రశాంతంగా వెళ్తే డ్రైవ్ మీద అనుమానం చాలావరకు పోయినట్టే. ఈ పరీక్షలో మామూలు మీటర్‌తో అవుట్‌పుట్ కొలిచి, అంకె తేడాగా ఉందని కంగారుపడవద్దు. అవుట్‌పుట్ తరంగం ముక్కలుముక్కలుగా ఉంటుంది, మామూలు మీటర్ దాన్ని సరిగా చదవలేదు. మూడు జతలూ ఒకదానికొకటి సమానంగా ఉన్నాయా అన్నది మాత్రం చూడండి.

తర్వాత పవర్ మళ్లీ ఆపి, తాళం వేసి, డీసీ బస్ కొలిచి, కేబుల్‌ని డ్రైవ్‌కి కలిపి మోటార్ దగ్గర విప్పి చూడండి. ఆ పైన మోటార్‌కి కలిపి బెల్టులు తీసేసి. ఆఖరుకి బెల్టులు వేసి. ప్రతిసారీ ఒక్క మెట్టే ఎక్కండి. ఎక్కడ ట్రిప్ వస్తుందో దొంగ అక్కడే ఉన్నాడు.

మెగ్గర్ (ఎక్కువ వోల్టేజీ ఇచ్చి ఇన్సులేషన్ కొలిచే మీటర్) గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. డ్రైవ్‌కి కేబుల్ కలిపి ఉండగా మెగ్గర్ తిప్పవద్దు. 500 వోల్టుల మెగ్గర్ ఐజీబీటీల మీద, లోపలి సర్క్యూట్ల మీద పడుతుంది. నా కళ్ల ముందే ఒక కుర్రవాడు మోటార్ దగ్గర మెగ్గర్ పెట్టి, అవతలి కొనలో డ్రైవ్ ఉందన్న సంగతి మరిచిపోయాడు. మోటార్ బాగుంది, డ్రైవ్ పోయింది. కాబట్టి రెండు వైపులా విప్పి, కేబుల్ విడిగా, మోటార్ విడిగా మెగ్గర్ వేయండి.

415 వోల్టుల మోటార్‌కి 500 వోల్టుల మెగ్గర్ చాలు. ఒక నిమిషం పాటు వేసి చూడండి. మన దగ్గర వాడే మోటార్లకి 40 డిగ్రీల వేడి దగ్గర కనీసం 5 మెగాఓమ్‌లు ఉండాలి. బాగున్న మోటార్ వందల్లో చూపిస్తుంది. 1 మెగాఓమ్ కంటే తక్కువుంటే డ్రైవ్ నుంచి పవర్ ఇవ్వనే వద్దు. వైండింగ్ వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగేకొద్దీ ఈ అంకె దాదాపు సగమవుతుంది. కాబట్టి ఇప్పుడే ఆగిన వేడి మోటార్ మీద తక్కువ వస్తే, చల్లారాక మళ్లీ చూసి అప్పుడు తేల్చండి.

మెగ్గర్‌లో తక్కువ వచ్చిందని మోటార్‌ని అప్పుడే వైండింగ్ షాపుకి పంపకండి. మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, తుపాన్లు. ఆ నెలలన్నీ ఫ్యాక్టరీ మూసే ఉంటుంది. మే నెలలో తెరిచి చూస్తే చాలా మోటార్లలో వైండింగ్ కాలి ఉండదు, తేమ పట్టి ఉంటుంది అంతే. టెర్మినల్ బాక్స్ తెరిచి నీళ్ల మరకలు చూడండి, గ్లాండు (కేబుల్ లోపలికి వెళ్లే చోటి బిగింపు) వదులుగా ఉందేమో చూడండి, లోపల బల్లి గానీ ఎలుక గూడు గానీ ఉందేమో చూడండి. శుభ్రం చేసి, మోటార్‌కి స్పేస్ హీటర్ ఉంటే ఆన్ చేసి ఒకటి రెండు రోజులు ఆరనివ్వండి. లేకపోతే కవర్లు తీసి, పక్కన వేడి గాలి తగిలేలా పెట్టండి. ఆరేకొద్దీ కొన్ని గంటలకొకసారి మెగ్గర్ వేసి రాసుకోండి. మొదట అంకె కొంచెం తగ్గి, తర్వాత ఎక్కుతూ పోతుంది. ఎక్కి నిలబడిందంటే తేమే. ఎంత ఆరబెట్టినా ఎక్కకపోతే వైండింగ్ మోటార్ బాడీకి తగిలినట్టు.

మెగ్గర్ బాగుందని వైండింగ్ బాగుందని కాదు, ఇది కూడా గుర్తుంచుకోండి. ఒకే ఫేజులో చుట్టుకీ చుట్టుకీ మధ్య షార్ట్ అయితే మెగ్గర్‌కి కనిపించదు. యూవీ, వీడబ్ల్యూ, డబ్ల్యూయూల మధ్య ఓమ్‌లు కొలిస్తే తేడా తెలియాలి, కానీ 30, 37 కిలోవాట్ల మోటార్లలో ఆ అంకె ఒక ఓమ్‌లో భిన్నం. చేతి మీటర్‌కి అది అందదు. మైక్రో ఓమ్ మీటరో, సర్జ్ టెస్టో ఉన్న వైండింగ్ షాపులో చూపించాలి.

ఇక నాకు జరిగింది ఒకటి చెప్తాను. బంగారుపాళ్యం వైపు ఒక గుజ్జు యూనిట్. మురుగునీటి ట్యాంకుకి రెండు ట్విన్ లోబ్ బ్లోయర్లు, రెండింటి గాలీ ఒకే పైపులోకి వెళ్తుంది. ఒకటి నడుస్తుంటే రెండోది స్టార్ట్ చేయగానే ఓవర్ కరెంట్. రెండోది ఒంటరిగా స్టార్ట్ చేస్తే ఏ గొడవా లేదు. నేను అప్పటికి కొత్త. డ్రైవ్ పోయిందని తీర్మానించుకుని విప్పి, బండిలో వేసుకుని రిపేరుకి తీసుకెళ్లాను. అక్కడ బోర్డు మార్చి పంపించారు. రెండు రోజులు పోయాయి, ఆ రెండు రోజులూ ఒక్క బ్లోయర్‌తోనే ట్యాంకు నడిచి వాసన ఊరి దాకా వెళ్లింది. తిరిగొచ్చి బిగిస్తే మళ్లీ అదే ట్రిప్. అప్పుడు కింద కూర్చుని, నడవని బ్లోయర్ పుల్లీ వైపు చూశాను. అది వెనక్కి తిరుగుతోంది. నడిచే బ్లోయర్ గాలి పైపులో నుంచి వెనక్కి వచ్చి దాన్ని తిప్పుతోంది. డిశ్చార్జ్‌లోని నాన్ రిటర్న్ వాల్వ్ రేకు అరిగి, సరిగా మూసుకోవడం లేదు. వెనక్కి తిరుగుతున్న మోటార్‌కి డ్రైవ్ సున్నా నుంచి ముందుకి తోసే ప్రయత్నం చేస్తుంది, కరెంటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఆ రేకు మార్చాక డ్రైవ్ మళ్లీ ఎప్పుడూ ట్రిప్ కాలేదు.

అప్పటి నుంచి, స్టార్ట్ కొట్టే ముందు షాఫ్ట్ నిలబడి ఉందా, తిరుగుతోందా అని కళ్లతో చూడటం నా మొదటి పని. పక్కపక్కనే రెండు ఎఫ్‌డీ ఫ్యాన్లు ఒకే డక్టులోకి పోయే చోట కూడా ఇదే జరుగుతుంది. అక్కడ డ్యాంపర్ మూసుకోవడం లేదేమో చూడండి. చిమ్నీ లాగుడుకి ఐడీ ఫ్యాన్ ముందుకే తిరుగుతూ ఉంటే డ్రైవ్‌లో ఫ్లయింగ్ స్టార్ట్ అనే సెట్టింగ్ ఆన్ చేయండి. తిరుగుతున్న వేగాన్ని వెతికి పట్టుకుని అక్కడి నుంచే మొదలుపెడుతుంది. వెనక్కి తిరిగే దానికి మాత్రం అసలు కారణాన్నే సరిచేయండి.

అండర్ వోల్టేజీ అని స్టార్ట్ కొట్టగానే వస్తే, సప్లై బాగున్నా సరే, ప్రీఛార్జ్ కాంటాక్టర్‌ని అనుమానించండి. కెపాసిటర్లు నిండేదాకా ఒక రెసిస్టర్ ద్వారా కరెంటు వెళ్తుంది, నిండాక ఆ రెసిస్టర్‌ని కాంటాక్టరో, రిలేనో పక్కకి తప్పిస్తుంది. అది అందుకోకపోతే ఊరికే ఉన్నప్పుడు డీసీ బస్ 580 చూపిస్తుంది, స్టార్ట్ కొట్టగానే 400 దగ్గరికి పడిపోతుంది. డిస్‌ప్లేలో డీసీ బస్ పెట్టుకుని స్టార్ట్ చేసి చూస్తే రెండు క్షణాల్లో తెలిసిపోతుంది. ఎక్కువసార్లు ప్రయత్నించకండి, రెసిస్టర్ కాలిపోతుంది.

వేగం అందుకునేటప్పుడు ట్రిప్ అయితే

ఇంపెల్లర్ బరువైనది. దాన్ని 10 సెకన్లలో పూర్తి వేగానికి తెమ్మంటే డ్రైవ్ ఒప్పుకోదు. పెద్ద ఫ్యాన్‌కి యాక్సిలరేషన్ టైమ్ 60 సెకన్ల నుంచి మొదలుపెట్టి, ఇంకా అవసరమైతే పెంచండి. నేమ్‌ప్లేట్ మీది కరెంటు, ఫ్రీక్వెన్సీ, ఆర్‌పీఎం డ్రైవ్‌లో సరిగా ఎక్కించారో లేదో చూడండి. 37 కిలోవాట్ల, 4 పోల్ మోటార్ పూర్తి లోడ్‌లో సుమారు 65 ఆంపియర్లు తీసుకుంటుంది. మీ డ్రైవ్‌లో ఆ చోట వేరే అంకె ఉంటే ఎవరో పాత మోటార్ వివరాలు అలాగే వదిలేశారని అర్థం.

30, 35 హెర్ట్జ్ దాకా వెళ్లి, ఆపైన మూలుగుతూ ఓవర్‌లోడ్ చూపిస్తుంటే మోటార్ కనెక్షన్ చూడండి. డెల్టాలో ఉండాల్సింది స్టార్‌లో ఉందేమో. మాకు రీవైండింగ్ నుంచి వచ్చిన ఒక మోటార్‌లో లింకు పట్టీలు స్టార్‌లోనే వదిలేశారు. నేమ్‌ప్లేట్ చదవకుండా బిగించింది మేమే కాబట్టి, తప్పు మాదీ ఉంది.

ఐడీ ఫ్యాన్‌కి ప్రత్యేకంగా ఒక సంగతి. అది 150 డిగ్రీల వేడి పొగని లాగడానికి తయారైంది. తెల్లారి బాయిలర్ చల్లగా ఉన్నప్పుడు 30 డిగ్రీల గాలిని లాగుతుంది. చల్లని గాలి బరువెక్కువ, దాదాపు 1.4 రెట్లు. అదే వేగంలో కరెంటూ ఆ మేరకు పెరుగుతుంది. కట్టెలు అంటుకుని పొగ వేడెక్కేదాకా డ్యాంపర్ కొంచెమే తెరవండి, లేదా వేగాన్ని 40 హెర్ట్జ్ దగ్గర ఆపి ఉంచండి. తెల్లారే ట్రిప్ అయి, మధ్యాహ్నం బాగా నడిచే ఐడీ ఫ్యాన్ ఉంటే ముందుగా ఇదే చూడండి.

బాగా నడుస్తూ నడుస్తూ ట్రిప్ అయితే

వేడి మొదటి అనుమానితుడు. డ్రైవ్‌లు మామూలుగా 40 డిగ్రీల గాలికి లెక్కవేసి చేస్తారు. ఆ పైన ప్రతి డిగ్రీకీ కొంత సామర్థ్యం తగ్గించుకోవాలి, ఎంతన్నది మాన్యువల్‌లో ఉంటుంది. మే నెలలో తిరుపతిలో బయటే 42 దాటుతుంది, బాయిలర్ షెడ్డులో ప్యానెల్ లోపల ఇంకెంత ఉంటుందో చూసుకోండి. హీట్‌సింక్ ఫ్యాన్ తిరుగుతోందా, ఫిన్ల మధ్య బూడిద, పొట్టు పేరుకుపోయిందా, ప్యానెల్ ఫిల్టర్ మూసుకుపోయిందా చూడండి. తలుపు తెరిచి పెడెస్టల్ ఫ్యాన్ పెట్టడం చాలాచోట్ల చూస్తాం. ఆ పూటకి గడుస్తుంది, కానీ బూడిదని మనమే లోపలికి తోస్తున్నాం. బాయిలర్ బూడిదలో తేమ చేరితే బోర్డు మీద కరెంటు దారులు ఏర్పడతాయి. వీలైతే డ్రైవ్‌ని పక్క గదిలోకి మార్చండి. అయితే కేబుల్ పొడవు 50 మీటర్లు దాటితే మోటార్ చివర వోల్టేజీ అలలు పైకి లేచి వైండింగ్‌ని తింటాయి. అవుట్‌పుట్ చోక్ (ఆ అలలని తగ్గించే కాయిల్) పెట్టించండి.

క్లాంప్ మీటర్‌తో మూడు అవుట్‌పుట్ ఫేజుల కరెంటు చూడండి. మూడూ దగ్గరగా ఉండి, మొత్తంగా ఎక్కువుంటే లోడ్ తప్పు. బేరింగ్, బిగుసుకున్న బెల్టు, సెంట్రిఫ్యూగల్‌కైతే డ్యాంపర్ ఎక్కువ తెరవడం, ట్విన్ లోబ్‌కైతే ట్యాంకు అడుగున డిఫ్యూజర్లు మూసుకుపోయి ప్రెషర్ పెరగడం. ట్విన్ లోబ్ ప్రెషర్ గేజ్ నెల నెలా కొంచెం కొంచెం ఎక్కుతూ వచ్చిందా అని లాగ్ బుక్ తిరగేయండి. ఒక ఫేజు తేడాగా ఉంటే లగ్గు, కేబుల్, వైండింగ్. ఇంపెల్లర్ రెక్కలకి బూడిద అంటుకుని బ్యాలెన్స్ తప్పితే వచ్చే అదురుకి టెర్మినల్ బాక్స్‌లో నట్లు వదులవుతాయి. నట్టు బిగించి వదిలేస్తే నెలలో మళ్లీ వదులవుతుంది, రెక్కలు కడగండి.

ట్రిప్ లేకుండా వేగం పైకీ కిందికీ ఊగుతుంటే 4–20 మిల్లీ ఆంపియర్ల సిగ్నల్ వైరు చూడండి. 12 మిల్లీ ఆంపియర్లు వస్తుంటే డ్రైవ్ 25 హెర్ట్జ్ చూపించాలి. ఆ వైరుని మోటార్ కేబుల్‌తో ఒకే ట్రేలో లాగి ఉంటే విడదీయండి, షీల్డ్‌ని డ్రైవ్ వైపు మాత్రమే ఎర్త్ చేయండి.

ఆపేటప్పుడు ట్రిప్ అయితే

ఇది తేలిక. స్టాప్ కొట్టాక బరువైన ఇంపెల్లర్ మోటార్‌ని జనరేటర్‌లా తిప్పుతుంది, ఆ కరెంటు డీసీ బస్‌లోకి వస్తుంది. 800 వోల్టుల చుట్టుపక్కలకి వెళ్లగానే ఓవర్ వోల్టేజీ ట్రిప్. ఫ్యాన్‌ని తొందరగా ఆపాల్సిన అవసరం లేకపోతే డీసెలరేషన్ టైమ్ 2, 3 నిమిషాలకి పెంచండి, లేదా కోస్ట్ స్టాప్ పెట్టి దానంతట అది ఆగేలా వదిలేయండి. బ్రేక్ రెసిస్టర్ అమ్మడానికి ఎవరైనా వస్తే ముందు ఇవి చేసి చూడండి. రాత్రిపూట ఆపకపోయినా ఓవర్ వోల్టేజీ వస్తుంటే సప్లైనే ఎక్కువుందేమో కొలిచి, ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ మార్చే సంగతి ఆలోచించండి. ట్యాప్ మార్చడం ట్రాన్స్‌ఫార్మర్‌ని పూర్తిగా ఆపాకే.

ట్రిప్ లేదు, గాలీ లేదు

కేబుల్ విప్పి కలిపాక ఇలా అయితే ఫ్యాన్ వెనక్కి తిరుగుతోంది. సెంట్రిఫ్యూగల్ ఫ్యాన్ వెనక్కి తిరిగినా గాలి అదే వైపుకి వస్తుంది, చాలా తక్కువ వస్తుంది, అందుకే మోసపోతాం. సరిచేయడానికి డ్రైవ్ ఇన్‌పుట్‌లో ఫేజులు మార్చి లాభం లేదు, అవుట్‌పుట్‌లో రెండు మార్చాలి. కలిపేటప్పుడు సప్లై వైర్లు పొరపాటున యూ, వీ, డబ్ల్యూ మీద పడితే పవర్ ఇవ్వగానే డ్రైవ్ పోతుంది. ఫెర్రూల్స్ (వైరు మీద నంబరు గొట్టాలు) వేయకుండా ఏ వైరూ విప్పకండి. మోటార్ దగ్గర పాత పవర్ ఫ్యాక్టర్ కెపాసిటర్ మిగిలి ఉంటే తీసేయండి, డ్రైవ్ అవుట్‌పుట్ మీద కెపాసిటర్ ఉండకూడదు.

సీజన్‌కి ముందు, ఏప్రిల్‌లో

ఏడాదికి పైగా పవర్ లేకుండా పడి ఉన్న డ్రైవ్‌కి ఒక్కసారిగా 415 ఇవ్వకండి. కెపాసిటర్ల లోపలి పొర బలహీనపడి ఉంటుంది. వేరియాక్‌తో (వోల్టేజీని మార్చుకునే ట్రాన్స్‌ఫార్మర్) కొద్దికొద్దిగా పెంచుతూ కొన్ని గంటలు ఉంచి పూర్తి వోల్టేజీకి తేవాలి, ఎంతసేపన్నది ఆ డ్రైవ్ మాన్యువల్ ప్రకారం. మూసి ఉన్న నెలల్లో కూడా రెండు మూడు నెలలకొకసారి పవర్ ఇచ్చి గంటసేపు ఉంచితే ఈ బాధ ఉండదు.

అదే రోజు అన్ని మోటార్లకీ మెగ్గర్ వేసి, లగ్గులన్నీ బిగించి, హీట్‌సింక్ ఫ్యాన్లు చేత్తో తిప్పి చూసి, బేరింగ్‌లకి చెవి పెట్టి వినండి. డ్రైవ్ మీద నడిచే మోటార్‌లో బేరింగ్ నుంచి గరగరమనే సన్నని చప్పుడు వస్తే, విప్పితే లోపల నిచ్చెన మెట్లలాంటి గీతలు కనిపిస్తే, షాఫ్ట్ నుంచి బేరింగ్ గుండా కరెంటు పోతోందని అర్థం. షీల్డు ఉన్న మోటార్ కేబుల్, సరైన ఎర్త్, అవసరమైతే షాఫ్ట్ ఎర్తింగ్ బ్రష్ పెట్టకుండా బేరింగ్ ఒక్కటే మారిస్తే కొత్తదీ అలాగే పోతుంది.

ఇవన్నీ అయ్యాక ప్రతి బ్లోయర్‌ని ఒకసారి లోడ్ మీద నడిపి, 30, 40, 50 హెర్ట్జ్ దగ్గర మూడు ఫేజుల కరెంటు, డీసీ బస్, డ్యాంపర్ స్థానం, మెగ్గర్ అంకె ఒక అట్ట మీద రాసి, తారీఖు వేసి, ప్యానెల్ తలుపు లోపలి వైపు అంటించండి. జూన్‌లో అర్ధరాత్రి ట్రిప్ అయినప్పుడు షిఫ్టులో ఎవరున్నా, మీటర్‌లో కనిపించేదాన్ని ముందుగా ఆ అట్టతో పోల్చుకుంటారు.